బోర్లించిన డ్రమ్ము

పోయిన వారం మనం క్రిస్టీని చేని గట్టు మీద నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కాళ్ళకు అంటిన బురద ఎండి బిగుసుకుపోయినా కదల్లేదు.

మున్నేటి ఒడ్డున, పెనుగంచిప్రోలు పొలిమేరలో, వాళ్ళమ్మ జయమణి కౌలుకు చేస్తున్న ఎకరం టమాటా తోట అది. భూమి కమలాకుమారి గారిది. చుట్టుపక్కల చాలామంది కాగితం మిల్లులకు అమ్మే సుబాబుల్ చెట్లు వేసి చేతులు దులుపుకున్నారు, ఆవిడా వేసెయ్యాలని రెండేళ్ళుగా చూస్తున్నారు. సుబాబుల్ వేస్తే కలుపు తీసే పని లేదు, కూలీల కోసం తిరిగే పని లేదు, కౌలుదారుతో అసలే పని లేదు. ఈ ఒక్క పంటకు ఆగమని, ఎరువు తగ్గించి కాపు పెంచి చూపిస్తానని జయమణి బతిమాలుకుంది. కాపు బాగుంటే భూమి ఆమె చేతిలో ఉంటుంది. లేకపోతే లేదు. అదీ ఒప్పందం.

ఆ మాట అనే ధైర్యం ఆమెకు గీతాంజలి ఇచ్చింది. గీతాంజలి ఊళ్ళో కూరగాయల రైతులకు సలహాలు చెప్పే ప్రభుత్వ ఉద్యోగి, పాతికేళ్ళ పిల్ల. యూరియా సగానికి తగ్గించి జీవన ఎరువులు వాడమంది. గాలిలోని నత్రజనిని పట్టి వేళ్ళకు అందించేది ఒకటి, నేలలో గడ్డకట్టిన భాస్వరాన్ని కరిగించి పెట్టేది ఒకటి. రెండూ కంటికి కనపడని సూక్ష్మజీవులే. ఊళ్ళో అందరూ వాటిని కల్చర్ అంటారు. నారు నాటిన పదిహేను రోజులకు, ఎండ చల్లబడ్డాక, తల్లీ కూతురూ ఆ కల్చర్ నీళ్ళు మొక్క మొక్కకూ మగ్గుతో పోశారు.

వారం తిరక్కుండానే ఆకులు ముడుచుకున్నాయి.

ఎందుకు ముడుచుకున్నాయో ఊరంతా తలో మాట చెబుతోంది. క్రిస్టీకి మాత్రం అయిదు రోజులుగా అన్నం సయించడం లేదు. జగ్గయ్యపేట కాలేజీకి వెళ్ళే ఆటోలో కూడా ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడుతోంది. ఎందుకంటే కారణం ఆమెకు తెలుసు. తెలిసింది ఆమెకొక్కదానికే.

బుధవారం పొద్దున్నే కమలాకుమారి గారు వచ్చారు.

అరవై దాటినా ఆవిడ గట్టు మీద ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుస్తారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ముందు తన మిర్చి తోట చుట్టూ తిరిగి చూసుకున్నారు. తర్వాతే టమాటాలోకి దిగారు. వెనకాల ఆవిడ పొలాలకు మందులు కొట్టే స్తెఫను ఉన్నాడు. వార్త అప్పటికే పాకింది కాబట్టి పక్క చేను కౌలుదారు బుల్లిబాబు, ఇంకో నలుగురు గట్టున చేరారు. గీతాంజలికి కబురు పెడితే, స్కూటీ రోడ్డు మీద వదిలేసి బురదలో జారుతూ లేస్తూ వచ్చింది.

కమలాకుమారి గారు ఒక మొక్క ముందు గొంతుక్కూర్చున్నారు. ఆకు ఆకులా లేదు. ఈనెలు దగ్గరికి గుంజుకుపోయి, కొసలు తాడు పేనినట్టు మెలితిరిగి ఉన్నాయి. కాండం నడుం విరిగినట్టు ఒక పక్కకు వంగింది. ఆవిడ ఆకును రెండు వేళ్ళతో సాగదీశారు. వదలగానే అది మళ్ళీ ముడుచుకుంది.

"అందరం పురుగులకి మందు కొడతాం," అన్నాడు బుల్లిబాబు గట్టు మీద నుంచి. "జయమణక్క పురుగుల్నే కొనుక్కొచ్చి పోసింది. పోసినాక అవి తినకుండా ఊరుకుంటాయా?"

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నవ్వినవాళ్ళ చేలు కూడా ఆ పక్కనే ఉన్నాయి మరి.

కమలాకుమారి గారు లేచి చేతులు దులుపుకున్నారు. ఇది వైరస్సేనని, రెండేళ్ళ కిందట తన మిర్చి ఇలాగే ముడుచుకుని మొదలంటా పోయిందని, ఇక్కణ్ణించి తన తోటకు అంటుకునే దాకా చూస్తూ ఊరుకోలేనని చెప్పారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే క్రిస్టీకి అంత భయం వేసేది కాదు.

"ఇయ్యాళే తోటంతా పీకి తగలబెట్టు జయమణీ. శనివారం గుంటలు తీసే ట్రాక్టరు వస్తుంది. సుబాబుల్ మొక్కలు నందిగామలో చెప్పేసా."

జయమణి చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని తోట వైపు చూసింది. ఆ నేల ఆమె చేతుల్లోకి వచ్చినప్పుడు రాళ్ళు తేలి ఉండేది. మూడు వేసవులు పశువుల ఎరువు తట్టలతో మోసి దాన్ని మెత్తబరిచింది. కాగితం మీద ఆమె పేరు ఎక్కడా లేదు. చెప్పుకోవడానికి ఏమీ లేని మనిషి ఎలా నిలబడుతుందో అలా నిలబడింది.

గీతాంజలి మాత్రం ఊరుకోలేదు. భయపడుతూనే, ఒక్క పది నిమిషాలు ఇమ్మని అడిగి సాళ్ళ మధ్య నడవడం మొదలుపెట్టింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా వేలితో లెక్కపెడుతూ వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పింది: తోటలో మొత్తం నలభై ఎనిమిది సాళ్ళు. ముడుచుకున్నవి మోటారు షెడ్డు వైపు పద్నాలుగు. పదిహేనో సాలు నుంచి అన్నీ బాగున్నాయి.

"కల్చర్‌లోనే తేడా ఉంటే తోటంతా ముడుచుకోవాలి కదండీ. అన్ని సాళ్ళకీ పోసింది ఒకటే."

"రోగం ఒక పక్కన మొదలై పాకుద్ది," అన్నారు కమలాకుమారి గారు.

గీతాంజలి ముడుచుకున్న మొక్కనొకదాన్ని మట్టితో సహా పెళ్ళగించి, కాలవ నీళ్ళలో జాడించి తెచ్చింది. పైన చూస్తే గాలి సోకినట్టుంది మొక్క. కింద వేళ్ళు మాత్రం తెల్లగా, ఒత్తుగా, చంటిపిల్ల జుట్టులా కుదురుగా ఉన్నాయి. ఆ వయసు మొక్కకు అన్ని వేళ్ళు గట్టు మీదున్న వాళ్ళెవరూ చూడలేదు. బుల్లిబాబు కూడా మెడ సాచి చూశాడు.

కింద కల్చర్ తన పని తాను చేసుకుపోతోందని, పైన మాత్రం వేరే ఏదో తగిలిందని అంది గీతాంజలి. ఆ తర్వాత జయమణి వైపు తిరిగింది.

"కలుపు మందు తగిలితే టమాటా అచ్చం ఇట్టాగే ముడుచుకుంటుంది. జయమణక్కా, కల్చర్ కలిపిన డ్రమ్ములో ఎప్పుడైనా కలుపు మందు కలిపారా?"

తమ ఇంట్లో కలుపు మందే లేదని, తాను చేత్తోనే కలుపు తీస్తానని, కల్చర్ కలిపింది మంచినీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ములోనని చెప్పింది జయమణి. ప్రతి మాటా నిజమని నమ్మే చెప్పింది.

క్రిస్టీకి ఆ సాయంత్రం కళ్ళముందుకొచ్చింది. ఉన్నది ఒక్క నీలం డ్రమ్ము. అమ్మ అవతలి చివర పోస్తోంది. మున్నేటి మీద మబ్బు కమ్ముకొస్తోంది, చీకటి పడేలోపు ఈ పక్క సాళ్ళు కూడా అయిపోవాలని అమ్మ కేకేసింది. అంత దూరం బకెట్లతో మొయ్యలేక క్రిస్టీ అటూ ఇటూ చూసింది. కమలాకుమారి గారి మోటారు షెడ్డు గోడకు ఒక తెల్ల డ్రమ్ము బోర్లించి ఉంది.

ఆ ఊళ్ళో బోర్లించిన డ్రమ్ము అంటే కడిగిన డ్రమ్ము. మందు కలిపినవాళ్ళు కడగకుండా బోర్లించరు. అందుకే బోర్లించి ఉన్నదాన్ని ఎవరైనా వాడుకుంటారు, కడగనిది నోరు పైకి పెట్టి ఉంటే ఎవరూ ముట్టరు. ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పే సంగతి కాదు, పిల్లలకు కూడా తెలుసు. క్రిస్టీ దాన్ని దొర్లించుకొచ్చి, నీళ్ళు నింపి కల్చర్ కలిపింది. మూతి దగ్గర ఘాటు వాసన వచ్చింది. కల్చర్ వాసనే అనుకుంది. పని అయ్యాక కాలవలో నాలుగుసార్లు కడిగి, ఎక్కడిది అక్కడ బోర్లించేసింది.

అమ్మకు చెప్పలేదు. కారణం ఉంది. ఆ షెడ్డులో ఒకసారి మోటారు వైరు పోతే, వెతకడానికి మనుషులు ముందు వచ్చింది జయమణి ఇంటికే. వైరు తర్వాత వేరేచోట దొరికింది. కానీ ఆ రోజు మంచాల కింద కూడా వెతికారు. అప్పటి నుంచి జయమణి ఒక్కటే చెప్పేది: ఆ షెడ్డు దరిదాపుల్లో ఏ వస్తువూ ముట్టుకోవద్దని.

"ఎవరైనా ఒప్పుకుంటారా తప్పు చేశామని?" అన్నాడు బుల్లిబాబు. "ఒట్టేసి చెప్పమనండి, తెలిసిపోద్ది."

జయమణి ఒట్టు పెట్టే మనిషి కాదు. అవునంటే అవును, కాదంటే కాదు, దేవుడి బిడ్డలకు ఒట్లెందుకని చర్చిలో విన్నది ఇంట్లోనూ పాటిస్తుంది. క్రిస్టీ చిన్నప్పుడు ఆటల్లో తల్లితోడు అన్నా మూతి మీద కొట్టేది. అలాంటిది ఆమె ఒకసారి తోట వైపు, ఒకసారి కమలాకుమారి గారి వైపు చూసింది. తర్వాత మెల్లగా తిరిగి కూతుర్ని దగ్గరకు రమ్మంది.

క్రిస్టీ వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది.

"నాకున్నది ఇదొక్కతే," అంది జయమణి. "దీని తల మీద చెయ్యేసి చెప్తున్నా. ఈ తోటలో పడిన ప్రతి చుక్కా మా నీలం డ్రమ్ములోంచే..."

చెయ్యి పైకి లేచింది. గోళ్ళలో మట్టి, బొటనవేలి మీద పాత కొడవలి గాటు. ఆ చెయ్యి తన తల మీద పడితే ఏమవుతుందో క్రిస్టీకి తెలియదు. ఒట్టు తప్పితే తల పగులుతుందని చిన్నప్పుడు ఎవరో చెప్పిన మాటను ఆమె నమ్మదు. అయినా భయమేసింది. తనకేదో అవుతుందని కాదు. అమ్మ, జీవితంలో ఒక్కసారి పెడుతున్న ఒట్టు అబద్ధం అయిపోతుంది. ఆ సంగతి అమ్మకు తెలియను కూడా తెలియదు.

క్రిస్టీ ఒక అడుగు వెనక్కి వేసింది.

జయమణి చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఆమెకు మొదట అర్థం కాలేదు. బెదిరిందేమో అనుకుని మళ్ళీ చెయ్యి చాచింది. క్రిస్టీ తల అడ్డంగా ఊపి ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"నీలం డ్రమ్ము కాదమ్మా," అంది. "ఈ పద్నాలుగు సాళ్ళకీ షెడ్డు కాడి తెల్ల డ్రమ్ముతో పోసా."

జయమణి చెయ్యి మెల్లగా కిందకు దిగింది. కోపమైనా వస్తే బాగుండునని క్రిస్టీ అనుకుంది. అమ్మ ముఖంలో కోపం లేదు. మంచాల కింద వెతికిన రోజు ఉన్న ముఖమే అది.

"నా షెడ్డులోదా?" అన్నారు కమలాకుమారి గారు.

"బయటే ఉందండి. బోర్లించి ఉంది."

ఆ మాటతో అందరి తలలూ స్తెఫను వైపు తిరిగాయి. అతను తలపాగా తీసి చేతిలో నలిపాడు. ఎవరినీ చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు: పోయిన గురువారం ఆ డ్రమ్ములోనే వరి గట్లకు కలుపు మందు కలిపాడు. తర్వాత కడుగుదామని నోరు పైకే పెట్టి ఉంచాడు. రాత్రి వాన పడి అందులో నీళ్ళు నిలిచాయి. శుక్రవారం డ్రై డే కదా, ఆశా కార్యకర్త ఊరంతా తిరుగుతూ, దోమలు పెడతాయి, నీళ్ళున్నవన్నీ బోర్లించమని చెప్పింది. ఆవిడ చూస్తుండగానే బోర్లించేశాడు. కడిగిన సంగతి మాత్రం లేదు.

"అడక్కుండా తీశావు," అన్నారు కమలాకుమారి గారు క్రిస్టీతో.

"తీసానండి."

"అయిదు రోజులు నోరు మెదపలేదు."

"లేదండి."

"ఎందుకని?"

"భయమేసిందండి."

"ఎవరంటే?"

క్రిస్టీ నేల వైపు చూసింది. ఇక్కడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఒకసారి తెరిచిన నోరు మళ్ళీ మూసుకోవడం చేతకాలేదు. "మీరంటేనండి," అంది.

గట్టు మీద ఎవరో దగ్గారు. కమలాకుమారి గారు గీతాంజలి చేతిలోని మొక్కను అందుకుని, వేళ్ళను విడదీసి చూశారు. అంటుకున్న మట్టిని చిదిమి వాసన చూశారు. ఆవిడ కూడా ఒకప్పుడు ఈ నేలలో నడుం వంచిన మనిషే. మంచి వేరుకూ చెడ్డ వేరుకూ తేడా ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కలుపు మందు పక్క మొక్కకు పాకుతుందా అని అడిగారు. పాకదంది గీతాంజలి. తగిలినవాటికే తగులుతుంది, వాటిల్లో కూడా బతికిన మొక్కకు పది పదిహేను రోజుల్లో కొత్త మొవ్వ చక్కగా వస్తుంది. వైరస్ అయితే మాత్రం అవతలి సాళ్ళలోకి వెళ్ళి తీరుతుంది.

"అయితే శనివారం దాకా చూస్తా," అన్నారు కమలాకుమారి గారు. "పద్నాలుగో సాలు దాటి ఒక్క మొక్క ముడుచుకున్నా తోట పీకేస్తా. దాటకపోతే భూమి జయమణి చేతిలోనే ఉంటుంది, వచ్చే ఏడు కూడా. రోజూ పొద్దున్నే ఈ పిల్ల మా ఇంటికొచ్చి చెప్పాలి. జయమణీ, నువ్వు కాదు. గీతాంజలీ కాదు. ఇయ్యాళ నోరిప్పింది ఇదొక్కతే."

అందరూ వెళ్ళాక జయమణి కూతుర్ని ఒక్క మాట అనలేదు. పదిహేనో సాలు మొదట్లో ఒక కర్ర పాతి, దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టింది. ఆ కర్ర దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంది. క్రిస్టీని పక్కకు పిలవలేదు. ఎప్పుడూ పిలిచేది.

గురువారం తెల్లవారగానే ఇద్దరూ ముప్ఫై నాలుగు సాళ్ళూ మొక్క మొక్కా చూశారు. ఒక్క ఆకు కూడా ముడవలేదు. క్రిస్టీ కమలాకుమారి గారి వసారా మూడు మెట్లూ ఎక్కింది. ఏమీ లేదండి అని చెప్పి దిగేసరికి జాకెట్టు వీపంతా తడిసింది. శుక్రవారం కూడా ఏమీ లేదు. ఆ రోజు జయమణి అన్నం కలిపి కూతురి కంచంలో పచ్చడి తనే వేసింది. మాట్లాడలేదు కానీ వేసింది. క్రిస్టీకి వారం రోజుల తర్వాత ముద్ద దిగింది.

శనివారం పొద్దున పొగమంచులా సన్నటి తుంపర పడుతోంది. జయమణి ఆ చివర నుంచి, క్రిస్టీ ఈ చివర నుంచి చూసుకుంటూ వచ్చారు. పదిహేను, పదహారు, పదిహేడు. ఆకుల మీద నీళ్ళు మెరుస్తున్నాయి. కొన్నిటికి చిన్న పసుపు మొగ్గలు కూడా వచ్చాయి. ఇరవై రెండో సాల్లో, నడిమధ్య, క్రిస్టీ ఆగిపోయింది.

ఒకే ఒక్క మొక్క. పైనున్న రెండు లేత ఆకులు కొసల దగ్గర లోపలికి తిరిగి ఉన్నాయి.

వాన నీళ్ళ బరువుకు అలా వంగాయేమో అనుకుంది. వేలితో సాగదీసింది. వదలగానే మళ్ళీ ముడుచుకున్నాయి. ఈ సాల్లో పోసింది నీలం డ్రమ్ము నీళ్ళే. అమ్మ చేత్తో పోసింది. తెల్ల డ్రమ్ము ఇటువైపు రానే లేదు. మరి ఇది కలుపు మందు ఎలా అవుతుంది? బుధవారం అంతమందిలో తాను చెప్పింది నిజమే అయినా, జరిగింది మొత్తం అది కాదేమో. కమలాకుమారి గారు అన్నదే నిజమేమో.

వెనక అడుగుల చప్పుడు. జయమణి వచ్చి పక్కన నిలబడింది. కూతురు చూస్తున్న చోటుకు చూసింది. అంతే, వంగి ఆ మొక్కను వేళ్ళతో సహా లాగేసింది. మట్టి దులిపి, మడిచి, నడుం దగ్గర చీర లోపల దోపి కొంగు బిగించింది. నేల మీద గుంటను కాలితో చదును చేసింది. ఇదంతా ఎంతోసేపు పట్టలేదు. నారు పీకే మనిషికి అదొక పనే కాదు.

"ఏమీ లేదని చెప్పు," అంది. మూడు రోజుల తర్వాత కూతురితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"అమ్మా..."

"ఒక్క మొక్కే. నిన్న లేదు, రేపు ఉండదు. నిన్నే కదా నమ్ముతానంది ఆవిడ. ఏమీ లేదని చెప్పు నాన్నా."

ఒట్టు పెట్టకూడదని మూతి మీద కొట్టిన అమ్మ ఆమె. నాన్నా అని పిలిచి ఎన్ని రోజులైందో. ఆ పిలుపుకు క్రిస్టీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కమలాకుమారి గారి ఇంటి వైపు నడిచింది. వెనకే జయమణి నడిచింది.

కమలాకుమారి గారి వాకిట్లో గుంటలు తీసే ట్రాక్టరు అప్పటికే వచ్చి ఉంది. ఇంజను గడగడలాడుతోంది. డ్రైవరు చాయ్ గ్లాసు కింద పెట్టి సీటెక్కబోతుంటే, కమలాకుమారి గారు వసారాలోంచి చెయ్యెత్తి ఆపారు. ఈ పిల్ల చెప్పేది విని బయలుదేరుదువు గాని, ఇంజను ఆపెయ్యమన్నారు.

ఇంజను ఆగింది. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో క్రిస్టీ మూడు మెట్లూ ఎక్కింది. మూడో మెట్టు మీద వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. చూసింది. గేటు అవతల జయమణి తుంపరలో తడుస్తూ, నడుం దగ్గరి కొంగును చేత్తో నొక్కి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా," అన్నారు కమలాకుమారి గారు. ఈ మూడు రోజుల్లో మొదటిసారి ఆవిడ గొంతు కాస్త మెత్తగా ఉంది. "అవతలి సాళ్ళు ఎట్టా ఉన్నాయి?"

క్రిస్టీ నోరు తెరిచింది.